నలుపు తెలుపుల్లో చీర రంగు: తెలుగు కుటుంబ ఛాయాచిత్రాల్లో దుస్తుల ఎంపిక - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

కుటుంబమంతా కలిసి ఫొటో దిగే రోజున ఏం కట్టుకోవాలనేది ఇంటి విషయంగా కనిపిస్తుంది. ఆ నిర్ణయం ఫలితంగా మిగిలిన పటాలు నేడు సామాజిక చరిత్రకు ఆధారాలు. వాటిలోని దుస్తులనుబట్టి వైధవ్యాన్ని, కులాన్ని, సంపదను, రాజకీయ విశ్వాసాన్ని నిర్ధారించేముందు రెండు సంగతులు తేల్చుకోవాలి. ఆనాటి ఫొటో పలక ఏ రంగును ఎలా నమోదు చేసింది అన్నది మొదటిది. ఒంటిమీది గుడ్డ ఎవరిది అన్నది రెండవది. 19వ శతాబ్ది ద్వితీయార్ధం నుంచి రంగుల ఛాయాచిత్రం గ్రామాలకు చేరేదాకా తెలుగు ప్రాంతాల్లో దుస్తుల ఎంపికను ఈ రెండు ప్రశ్నల వెలుగులో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కుటుంబ ఛాయాచిత్రం, దుస్తులు, స్టూడియో, ఆర్థోక్రొమాటిక్ పలక, పసుపు కుంకుమలు, ఖద్దరు, పూలజడ.

1. ప్రవేశిక

ఎన్టీఆర్ జిల్లా తిరువూరు రెవెన్యూ డివిజన్‌లోని రెడ్డిగూడెం మామిడి తోటలున్న మెట్ట ప్రాంతం. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడేవరకు ఇది కృష్ణా జిల్లాలో ఉండేది. ఇటువంటి ఊళ్ళవారికి స్టూడియో అంటే తిరువూరు, మైలవరం, నూజివీడు. పెద్ద సందర్భమైతే బెజవాడ. ఫొటో దిగడమంటే ప్రయాణం కట్టడమే. పట్టుచీర మూటలో పెట్టుకొని, దారి దుమ్ము దులుపుకొని, స్టూడియో వెనుక గదిలో కట్టుకొని, పిల్లలకు తల దువ్వి, పౌడరు అద్ది కెమెరా ముందు కూర్చోవడం. ఆ తరువాత పటం కట్టించి వసారా గోడకు, పైభాగం కాస్త ముందుకు వాలేట్లు తగిలిస్తారు. పాత పెంకుటిళ్ళు ఎరిగినవారికి ఈ దృశ్యాన్ని వర్ణించి చెప్పనక్కరలేదు.

ఆ పటంలో కనిపించే వేషం నిత్యజీవితంలోది కాదు. ఏం కట్టుకోవాలి, ఏది దాచాలి, ఏ నగ పైకి కనబడాలి అని ముందే ఆలోచించి ధరించిన వేషం అది. భారతదేశంలో వస్త్రధారణపై ఎమ్మా టార్లో 1996లో ప్రకటించిన 'క్లోదింగ్ మేటర్స్' గ్రంథం ఏం ధరించాలన్న సందిగ్ధాన్నే చరిత్ర రచనకు ప్రశ్నగా మలచింది. ఛాయాచిత్రాల విషయంలో ఈ ప్రశ్నకు మరొక చిక్కు తోడవుతుంది. ధరించినవారి నిర్ణయం పరిశోధకునికి నేరుగా అందదు. పలకమీది రసాయనం ఒకసారి, స్టూడియోవారి ఏర్పాటు మరొకసారి దాన్ని మార్చిన తరువాతే అది కంటబడుతుంది.

ఒక ఉదాహరణను ఊహించుకోవచ్చు. 1890 ప్రాంతపు చిత్రమొకటి లభించిందనుకొందాం. నడివయసు స్త్రీ తెల్లచీరలో కూర్చొని ఉంది. ముఖం నల్లగా ఉంది. నుదుట బొట్టు ఆనవాలు లేదు. కుటుంబంలో వితంతువు అని రాసుకోవడానికి ఏ పరిశోధకుడూ సంకోచించడు. కాని ఆమె ముఖానికి నిండుగా పసుపు రాసుకొని, కుంకుమబొట్టు పెట్టుకొని, లేతనీలం చీర కట్టుకొన్న ముత్తైదువ అయ్యే అవకాశం అంతే బలంగా ఉంది. ఈ తారుమారు ఎలా జరుగుతుందో తెలుసుకోవాలంటే కాసేపు చీకటి గదిలోకి వెళ్ళాలి.

2. ఎర్రదీపం వెలుగులో

ఫొటోలు కడిగే చీకటి గదిలో ఎర్రదీపం వెలిగించి పనిచేయడం పాత స్టూడియోలను చూసినవారందరికీ గుర్తుంటుంది. ఆ వెలుగులో పలక పాడుకాదు. కారణం, ఆ పలకకు ఎరుపు కనిపించదు. ఇదే పలకను కెమెరాలో పెట్టి ఎర్రచీర కట్టుకొన్న పెళ్ళికూతురిని చిత్రిస్తే ఏమవుతుందో వేరే చెప్పనవసరం లేదు. ఎరుపు నుంచి పలకకు అందిన వెలుగు దాదాపు శూన్యం. అచ్చులో ఆ భాగం నల్లగా వస్తుంది.

1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన తడి కొలోడియన్ పద్ధతి, 1871లో రిచర్డ్ మాడక్స్ సూచించిన జెలటిన్ పొడి పలక - ఈ రెండూ స్వతహాగా నీలం, ఊదా కాంతులకే స్పందించేవి. 1873లో హెర్మన్ వోగెల్ కొన్ని రంజకాలు కలిపితే పలక ఆకుపచ్చను, పసుపును కూడా గ్రహిస్తుందని కనుగొన్నాడు. ఆ విధంగా వచ్చినవి ఆర్థోక్రొమాటిక్ పలకలు. వాటికీ ఎరుపు చేరలేదు. అన్ని రంగులనూ గ్రహించే పాన్‌క్రొమాటిక్ పలకలు ఇంగ్లండులో 1906లో అమ్మకానికి వచ్చాయి. అవి వచ్చిన వెంటనే పాతవి మాయం కాలేదు. ఎర్రదీపం కింద చూస్తూ కడుక్కొనే సౌకర్యాన్ని వదులుకోవడం చిన్న స్టూడియోకు సులభం కాదు.

తెలుగువారి ఇంటి రంగులను ఈ పలకలముందు నిలబెట్టి చూడాలి. పసుపు నీలికాంతిని పీల్చుకొంటుంది. కనుక తొలితరం పలకమీద పసుపు రాసిన ముఖం ఉన్నదానికన్నా నల్లగా పడుతుంది. దానిమీద కుంకుమబొట్టూ నలుపే. నల్లటి ముఖంలో నల్లటి బొట్టు కలిసిపోతుంది. నీలిమందుతో లేతగా అద్దిన చీర పలకకు తెల్లగా తోస్తుంది. సౌభాగ్యానికి గుర్తులైన పసుపు, కుంకుమ రెండూ చెరిగిపోయి, కట్టుకొన్న రంగుచీర తెల్లబారి, ముత్తైదువ రూపం వితంతువు రూపంగా మారుతుంది. ఆర్థోక్రొమాటిక్ పలక వచ్చాక పసుపు ముఖం కొంత తేటపడింది. బొట్టు నల్లచుక్కగా స్పష్టమైంది. ఎర్రంచు మధుపర్కాలు మాత్రం నల్లంచు వస్త్రాలుగానే కనిపిస్తూ వచ్చాయి. శుభకార్యంలో నలుపు కూడదని పట్టింపు ఉన్న సమాజపు పెళ్ళి చిత్రాల్లో ఇంత నలుపు ఎక్కడిదని ఆశ్చర్యపడేవారికి సమాధానం ఇక్కడుంది.

ఇది కేవలం సాంకేతిక వివరంగా తోచవచ్చు. వితంతు వివాహ చరిత్రతో పోల్చి చూస్తే దీని బరువు తెలుస్తుంది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించారు. గోగులపాటి శ్రీరాములు, గౌరమ్మ ఆ దంపతులు. పునర్వివాహం చేసుకొన్న స్త్రీకి బొట్టు, రంగుచీర, గాజులు తిరిగి రావడమే ఆ సంస్కారానికి కంటికి కనిపించే గుర్తు. ఆనాటి పలకలు ఆ గుర్తులనే సరిగ్గా చూడలేకపోయాయి. ఆ కాలపు స్త్రీల చిత్రాల్లో బొట్టు కనిపించలేదన్న ఒక్క ఆధారంతో ఏ నిర్ణయానికీ రాకూడదు.

పాశ్చాత్య స్టూడియోల కరదీపికలు దిగేవారిని తెలుపు, లేతనీలం దుస్తులు మానమనేవి. ముదురు పట్టు వస్త్రాలు మేలని చెప్పేవి. ఈ సలహా మద్రాసు రాజధానికి ఏ రూపంలో చేరినా, స్థానిక ఛాయాగ్రాహకులు అనుభవంతోనే ఇలాంటి నియమాలు ఏర్పరచుకొని ఉండాలి. మద్రాసు కళాశాల స్థాపకుడు అలెగ్జాండర్ హంటర్ పూనికతో 1856లో మద్రాస్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ ఏర్పడింది. అక్కడినుంచి జిల్లా కేంద్రాలకు, రైలు పడ్డాక జంక్షన్ పట్టణాలకు ఈ విద్య పాకింది. తెల్లపంచెల మగవారిని, ముదురు చీరల ఆడవారిని ఒకే పలకమీదికి ఎక్కించడం ఆనాటి పనివానికి నిత్యం ఎదురైన కష్టం. పంచె మడతలు తెలిసేట్లు వెలుగు తగ్గిస్తే ముఖాలు చీకటవుతాయి. ముఖాలకోసం వెలుగు పెంచితే పంచెలు సున్నపు గోడల్లా వస్తాయి. పాత పటాల్లో తాతగారి పంచెకు మడతలే లేకపోవడం ఇస్త్రీ గొప్పతనం కాదు.

చేతిరంగులు వేసిన చిత్రాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. నలుపు తెలుపు అచ్చుమీద రంగులద్దే పనివానికి చీర అసలు రంగుతో నిమిత్తం లేదు. అతని పళ్ళెంలో ఉన్నది, ఇంటివారు కోరుకొన్నది పడుతుంది. చనిపోయిన ఇల్లాలి చిన్న చిత్రాన్ని పెద్దది చేయించి, నుదుట ఎర్రబొట్టు దిద్దించి, అంచుకు బంగారు రంగు పూయించిన పటాలు చాలా ఇళ్ళలో కనిపిస్తాయి. అక్కడ దుస్తులు ఎంచుకొన్నది ఆమె కాదు, మిగిలిన కుటుంబం.

3. స్టూడియో కోటు

1909లో వెలువడిన 'కన్యాశుల్కం' మలికూర్పు మొదటి అంకంలోనే ఫొటోగ్రాఫు బాకీ ప్రస్తావన వస్తుంది. సొమ్ము వసూలుకు వచ్చిన మనిషిని గిరీశం మాటలతో ఏమార్చే ఘట్టం తెలుగు పాఠకులకు సుపరిచితం. విజయనగరం వంటి పట్టణంలో అప్పుచేసైనా ఫొటో దిగడం అప్పటికే షోకుగా మారిందని ఆ హాస్యం చెబుతుంది. గిరీశం నిలువెల్లా ప్రదర్శనే కనుక, అప్పుమీద దిగిన ఆ ఫొటో అతని స్వభావానికి అచ్చంగా సరిపోయింది.

అరువు ఫొటోకే పరిమితం కాలేదు. స్టూడియోలో కొక్కేనికి ఒక నల్లకోటు, ఒక టై వేలాడుతుండేవి. వచ్చినవారిలో కోటు లేనివారు దాన్ని తొడుక్కొనేవారు. వెనుక వీపుదగ్గర పిన్నులతో బిగించినా ముందునుంచి తెలియదు. పంచెమీద కోటు, భుజాన కండువా, చేతికి గడియారం, జేబులో కలం. బల్లమీద ఒక పుస్తకం, పక్కన పూలకుండీ. ఒకే స్టూడియోలో దిగిన పది కుటుంబాల చిత్రాలను పక్కపక్కన పెడితే ఒకే కోటు పది భుజాలమీద కనిపించవచ్చు. పుస్తకం కూడా అదే. దీన్నిబట్టి కుటుంబపు విద్యావంతత్వాన్ని లెక్కగట్టడం ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు.

వెనుక వేలాడే తెర సంగతీ ఇంతే. స్తంభాలు, మెట్లు, ఉద్యానవనం చిత్రించిన ఆ తెరకు నాటకాల తెరతో దగ్గరి చుట్టరికం ఉంది. రెడ్డిగూడేనికి సమీపంలోని మైలవరంలో జమీందారుల పోషణలో 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో బాలభారతీ నాటక సమాజం నడిచింది. యడవల్లి సూర్యనారాయణ వంటి నటులు ఆ సమాజంలో వేషాలు కట్టారు. రంగస్థలం మీద రాజుగారి వాకిలి ఎలా ఉంటుందో తెరమీద చూసిన ఈ ప్రాంతపు ప్రేక్షకునికి స్టూడియోలో అటువంటి తెరముందు నిలబడటం కొత్త అనిపించి ఉండదు. వేషం కట్టడం అన్న మాటను నాటకానికీ ఫొటోకూ సమానంగా వాడవచ్చు.

అలాగని కోటు అరువుదని తెలిసినంత మాత్రాన సాక్ష్యం చెల్లదని తోసిపుచ్చడం పొరపాటు. జె. ఫోర్బ్స్ వాట్సన్, జె.డబ్ల్యు. కేయీ 1868-75 మధ్య ఎనిమిది సంపుటాలుగా తెచ్చిన 'ది పీపుల్ ఆఫ్ ఇండియా'లోను, ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాలుగా ప్రకటించిన 'క్యాస్ట్స్ అండ్ ట్రైబ్స్ ఆఫ్ సదరన్ ఇండియా'లోను మనుషులు తమ కులానికో తెగకో నమూనాగా నిలబడ్డారు. వారు ఎలా కనబడాలో నిర్ణయించింది కెమెరా వెనుక ఉన్నవారు. స్టూడియోకు డబ్బు చెల్లించి వెళ్ళిన కుటుంబానికి ఆ నిర్ణయం మొదటిసారి తన చేతికి వచ్చింది. క్రిస్టఫర్ పిన్నే 1997లో ప్రకటించిన 'కెమెరా ఇండికా' ఈ భేదాన్ని విపులంగా చర్చించింది.

ఏ గుడ్డ ఎంతవరకు కట్టాలో కులం శాసించిన చోట ఈ నిర్ణయం చిన్నది కాదు. 1927 డిసెంబరులో మహద్ సభలో డాక్టర్ అంబేద్కర్ స్త్రీలను ఉద్దేశించి ప్రసంగిస్తూ, అంటరానితనాన్ని చాటే కట్టుబాటునూ బరువైన లోహపు నగలనూ విడిచిపెట్టి, సవర్ణ స్త్రీలు కట్టినట్టే చీర కట్టమన్నారు. ఆ మాటలో ఉన్న తర్కమే స్టూడియో కోటులోనూ ఉంది. దళిత కుటుంబపు పెద్ద అరువుకోటులో, బూట్లతో కుర్చీలో కూర్చొని దిగిన చిత్రం అతని ఆస్తిని చూపదు. ఊళ్ళో వీధిలో దక్కని ఆసనాన్ని, వేషాన్ని అతను ఎక్కడ, ఎంత ఖర్చుపెట్టి సంపాదించుకొన్నాడో చూపుతుంది. ఇటువంటి పటాలను 'అసహజం' అని పక్కనపెట్టేవారు సహజమన్న పేరుతో మళ్ళీ థర్‌స్టన్ దృష్టినే కోరుకొంటున్నారని అనక తప్పదు.

4. పరదాలోపల, అద్దంముందు

స్త్రీల దుస్తుల ఎంపికకు ముందు మరొక ప్రశ్న ఉండేది: అసలు ఆమె కెమెరా ముందుకు రావచ్చునా? ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ (1844-1905) సికింద్రాబాదులో స్టూడియో నడుపుతూ 1892లో హైదరాబాదులో జనానా స్టూడియో తెరిచాడు. ఘోషా పాటించే స్త్రీలకోసం దాన్ని కెన్నీ-లెవిక్ అనే ఆంగ్ల మహిళ నిర్వహించింది. పరాయి మగవాని కన్నులేని చోట స్త్రీ తన ఇష్టప్రకారం అలంకరించుకొనే వీలు అక్కడ కలిగింది. ఇది సంపన్నుల సౌకర్యం. కోస్తా జిల్లాల మధ్యతరగతి స్త్రీ భర్త పక్కన, అతని కుర్చీ వెనుక, రవిక వేసుకొని పైట నిండుగా కప్పుకొని నిలబడింది. రవిక వాడకం లేని ముసలమ్మలను ఫొటోకోసం రవిక వేసుకొమ్మని కోడళ్ళు బతిమాలడం చాలా కుటుంబాల్లో నవ్వుతూ చెప్పుకొనే ముచ్చట.

ఆడపిల్లల విషయంలో తెలుగు స్టూడియోలు ఒక అందమైన చిక్కును పరిష్కరించాయి. పట్టుపరికిణీ, ఓణీ, వడ్డాణం ముందునుంచి కనిపిస్తాయి. గంటలు గంటలు కూర్చొని మొగలిరేకులతో, మల్లెమొగ్గలతో కుట్టించుకొన్న పూలజడ వీపుమీద ఉంటుంది. ముఖం తిప్పితే జడ కనబడదు, జడ చూపితే ముఖం కనబడదు. పిల్ల పక్కన నిలువుటద్దం పెట్టి, ముఖం ఎదుట, జడ అద్దంలో పడేట్లు చేశారు. తమిళనాట కూడా ఉన్న ఈ పద్ధతి అలంకరణ అవసరం నుంచే పుట్టింది. ఇక్కడ దుస్తులు ఛాయాగ్రాహకునికి లొంగలేదు. ఆయనే తన ఏర్పాటు మార్చుకొన్నాడు.

5. ఖద్దరు ఏమి చెబుతుంది

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది. అదే సంవత్సరం సెప్టెంబరు 22న గాంధీజీ మదురైలో కొల్లాయి గుడ్డ కట్టారు. ఆ తరువాతి కాలపు కృష్ణా మండల కుటుంబ చిత్రాల్లో ముతక తెల్లబట్టలు కనిపిస్తే ఖద్దరుగా భావించడం సహజం. చిత్రంలో మరమగ్గం గుడ్డ, చేమగ్గం ముతక, ఖద్దరు అనే మూడింటిని వేరుచేయడం కష్టం. నూలు ఎగుడుదిగుడులు అచ్చులో తేలేంత స్పష్టత చిన్న స్టూడియో చిత్రాలకు ఉండదు. కనుక ఇంటి పెద్ద గాంధీటోపీ పెట్టాడా, మెడలో పూసలదండ స్థానంలో నూలుమాల ఉందా వంటి తోడు గుర్తులు కావాలి. ఒకే చిత్రంలో తండ్రి తెల్లచొక్కాలో, కొడుకు సూటులో ఉంటే దాన్ని తరాల సంఘర్షణగా వ్యాఖ్యానించడం ఆకర్షణీయమే. సూటు స్టూడియోది కాదని తేలేదాకా ఆ వాక్యం రాయకుండా ఆగడం మంచిది.

6. ఒకే తాను

స్వాతంత్ర్యానంతరం ఊటీలో 1960లో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ సంస్థ ఏర్పడింది. 'ఇందు' పేరుతో దేశీయంగా నలుపు తెలుపు ఫిల్ము దొరకసాగింది. పెళ్ళి, ఓణీల వేడుక, షష్టిపూర్తి, కొడుకు ఉద్యోగానికి పోవడం - ఫొటోకు సందర్భాలు పెరిగాయి. ఈ కాలపు పటాల్లో వరుసగా నిలబడ్డ నలుగురు పిల్లలు ఒకే గళ్ళ గుడ్డలో కనిపిస్తారు. మగపిల్లలకు చొక్కాలు, ఆడపిల్లలకు గౌన్లు, మిగిలిన ముక్కతో చంటిదానికి జుబ్బా. నేటి ఫొటో షూట్లలో కుటుంబమంతా ఒకే రంగు ధరించే ధోరణికి ఇది పూర్వరూపమని అనుకోవడం తేలిక. కాని ఆనాడు సంక్రాంతికో దసరాకో తండ్రి తాను నుంచి ఒకేసారి గుడ్డ చింపిస్తే ధర కలిసివచ్చేది. దర్జీ ఒకే కత్తిరింపులో పని ముగించేవాడు. పైగా ఎవరిది బాగుందన్న తగాదా పిల్లల మధ్య ఉండేది కాదు. ఆ ఏకరూపత పొదుపు వల్ల వచ్చింది. నేడు అదే ఏకరూపతకోసం బట్టలు ప్రత్యేకంగా కొంటున్నారు.

రంగుల ఫొటో ఊళ్ళకు చేరాక పలక చేసిన తారుమారు ఆగిపోయింది. ఎరుపు ఎరుపుగా, పసుపు పసుపుగా వచ్చాయి. ఫొటోలో బాగా కనిపించే రంగు అన్న ఆలోచన చీరల దుకాణంలోనే మొదలైంది. అయితే తొలినాటి రంగుల అచ్చుల్లో కాలం గడిచేకొద్దీ నీలిచాయ తగ్గి ఎర్రజీర పైకి వచ్చింది. ఇప్పుడు గులాబీ రంగుగా కనిపించే చీర ఒకప్పుడు గులాబీయేనని చెప్పడానికి లేదు.

7. పెట్టెలోని చీర

ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పాండిచ్చేరి పరిశోధకులు బ్రిటిష్ లైబ్రరీవారి ఎండేంజర్డ్ ఆర్కైవ్స్ ప్రోగ్రామ్ సహకారంతో తమిళ స్టూడియోల పాత చిత్రాలను డిజిటల్ రూపంలో భద్రపరిచారు. తెలుగు పట్టణాల స్టూడియోలలోని గాజు పలకలు, ఫిల్ము నెగెటివులు కూడా అటువంటి శ్రద్ధకు అర్హమైనవి. ఒక స్టూడియో నెగెటివులన్నీ ఒక్కచోట ఉన్నప్పుడే ఒకే కోటు ఎంతమంది తొడిగారో, ఒకే కుండీ ఎన్ని కుటుంబాల పక్కన నిలిచిందో లెక్కించడం సాధ్యం. ఇళ్ళలో మిగిలిన విడి పటాలతో ఆ పని జరగదు.

ఇళ్ళలో మాత్రమే దొరికే ఆధారం వేరొకటి ఉంది. పెళ్ళినాటి పట్టుచీరను తెలుగు స్త్రీలు సాధారణంగా పారేయరు. కలరా ఉండలు వేసి ట్రంకుపెట్టె అడుగున దాస్తారు. మడతలవెంట చిరిగినా, జరీ నల్లబడినా అది అక్కడే ఉంటుంది. క్షేత్ర పర్యటనకు వెళ్ళే పరిశోధకుడు గోడమీది పటాన్ని ఫొటో తీసుకొని రావడంతో సరిపెట్టుకోకుండా, ఆ పెట్టె తెరిపించగలిగితే పటంలోని నల్లటి చీరను, చేతిలోని చీరను పక్కపక్కన పెట్టి చూడవచ్చు. చీర కట్టుకొన్న ఆవిడ బతికి ఉంటే అడగవలసిన మొదటి ప్రశ్న దాని ఖరీదు గురించో, నేత గురించో కాదు. ఆ రోజు ఆ చీర ఎవరు ఎంచారు, ఎవరిది అని. చాలాసార్లు అది తోడికోడలిదో, అత్తగారిదో, పక్కింటివారిదో అయి ఉంటుంది. అలాంటప్పుడు పెట్టె వెతకవలసిన ఇల్లు వేరు.